రెండు చెవులూ కనపడాలి

వారమంతా తెల్లని తెర ముందు
మనుషుల్ని కూర్చోబెడతాను.
గడ్డం కాస్త దించండి. నవ్వకండి.
రెండు చెవులూ కనపడాలి.
తలఘట్టపుర మెట్రో స్తంభాల పక్కన
పదడుగుల స్టూడియో నాది.
పాస్‌పోర్టులు, వీసాలు, హాల్‌టికెట్లు,
ఎప్పుడైనా, దండ వేయడానికి, పెద్ద సైజు ఒకటి.

ఆదివారం మాత్రం తురహళ్ళి అడవి.
కెమెరా అదే, మాక్రో లెన్సు అద్దెది.
ఇక్కడ నా మాట వినేవాళ్ళు లేరు.
రెక్కలు మూస్తే పై రంగు కనపడదు,
విప్పితే అడుగు రంగు పోతుంది.
కాస్త ఇటు తిరగమ్మా, అనేలోపు
లాంటానా పొద దాటేసి ఉంటుంది.
నా నీడే నాకన్నా ముందు నడిచి
నేను వస్తున్నానని చాటుతుంది.

మేం పదకొండుగురం. ముందు హెబ్బార్ మేడం,
చేతిలో అట్ట చినిగిన లెక్కల పుస్తకం.
ఎంత చిన్న తునక ఎగిరినా పేరు చెబుతుంది.
తెలియకపోతే "తెలియదు" అని రాస్తుంది,
ఆ మాటనీ అంతే గుండ్రటి అక్షరాల్లో.

నీలగిరి చెట్ల వరస దగ్గర
ఎవరో "బ్లూ మార్మన్!" అని కేకేశారు.
అరచేతంత నలుపు మీద
అప్పుడే ఒలికినట్టు నీలం.
పదిమందీ పరుగు.
కాళ్ళ కింద ఎండుటాకులు అప్పడాల్లా విరిగాయి.
నేనూ పరిగెత్తేవాణ్ణే,
చెప్పు తెగింది.

కాపలా గుడిసె వెనక చతికిలబడి
తెగిన పట్టీకి పిన్నీసు పెడుతుంటే
వాచర్ మునిరాజప్ప వచ్చాడు.
"అన్నా, కోతిని తీస్తావా?"
నేను కొమ్మల్లోకి చూశాను.
"పైన కాదన్నా. నీ మోకాలి కాడ."

సీతాఫలం మొక్క.
పిండినల్లి పట్టి కొమ్మంతా తెల్లగా పూసి ఉంది.
దాని పక్క ఆకు మీద
బియ్యపుగింజకి కాస్త లావు,
ఒక ముఖం.
రెండు కళ్ళు, చప్పిడి ముక్కు,
ఎవరిమీదో అలిగినట్టు బిగించిన మూతి.
నేరుగా నా లెన్సులోకే చూస్తోంది.
నవ్వలేదు. రెప్ప వేయలేదు.
ఇరవయ్యేళ్ళలో ఇంత బుద్ధిగా కూర్చున్నది
ఇదొక్కటే.

"ఇది గూడు. లోపల పురుగు మారతా ఉంది.
ఆకు ముట్టదన్నా, ఆ పిండినల్లినే మేస్తది.
మందు కొట్టద్దండీ అని
మా సారుకి చెప్పి చెప్పి నోరు నొచ్చింది."

సీత కోసం ఒక కోతి సముద్రం దాటిందని విన్నాను.
ఇక్కడ కోతి ముఖాన్నే చీల్చుకుని
సీత కోక బయటికి రావాలట.
ఏ హరికథలోనూ ఇది చెప్పలేదే!

తొమ్మిదో రోజు, పనిదినమే,
షట్టరు సగం దించి వెళ్ళాను.
ఆకు మీద ముఖం ఉంది, లోపల ఎవరూ లేరు.
పక్కనే, ఉతికి ఉతికి వెలిసిన గోధుమరంగు రెక్కలు,
మధ్యలో సున్నం మరక.
అదీ, ఇన్ని రోజుల నా ఎదురుచూపు.
నొక్కేలోపు లేచింది.
ఫొటోలో ఒక మసక గీత.

హెబ్బార్ మేడం చూసి
"ఏప్‌ఫ్లై, బహుశా" అని రాసుకుంది.
అప్పుడు గూడు ఫొటో చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
తెరని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత పెన్ను తీసి
"బహుశా" కొట్టేసింది.

ఇవాళ ఒక పాప వచ్చింది, మొదటి పాస్‌పోర్టుకి.
రిబ్బన్లు సర్ది వాళ్ళమ్మ పక్కకి జరిగిందో లేదో
వేలితో ముక్కు నొక్కి, మూతి బిగించి
కోతి అయిపోయింది.
నొక్కేశాను.
ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు, తెలుసు.
మళ్ళీ తీసి ఎనిమిది కాపీలు ఇచ్చాను,
రెండు చెవులతో.
మొదటిది
తురహళ్ళి ఫోల్డర్లో ఉంది.